అనధికార వాతావరణ సూచన

కొత్తరేవు తీర ప్రసార కేంద్రం నుంచి ఉదయం ఐదూ యాభైకి ఒక భక్తిపాట, ఐదూ యాభై ఐదుకి సముద్ర వాతావరణ సూచన వస్తాయి. ఈ రెండింటి మధ్య తగాదా వస్తుందని కేంద్రం పెట్టినవాళ్లు అనుకోలేదు.

పాట ఎలీసమ్మది. ఆమె రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. భర్త అంద్రెయ మరపడవ మీద వేటకు వెళ్తాడు. వెళ్తే పది రోజులు. రేవు నుంచి ఇరవై కిలోమీటర్లు దాటితే ఫోను పలకదు. అక్కడి నుంచి పడవకు, ఒడ్డుకు మధ్య ఉన్నది రేడియో ఒక్కటే. దాన్ని తడవకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి చుక్కాని గదిలో మేకుకు వేలాడదీస్తారు.

ఒక ఆదివారం ఆరాధనలో ఎలీసమ్మ ప్రత్యేక పాటగా దీన్ని పాడింది. పాస్టరు సమూయేలు కీబోర్డు వాయించాడు. సువార్తలో యేసు పడవ వెనక భాగాన తలగడ వేసుకుని నిద్రపోతే తుపాను వస్తుంది, శిష్యులు లేపుతారు, ఆయన గాలిని ఊరుకోమంటాడు. ఎలీసమ్మ ఆ సంగతినే తన మాటల్లో పెట్టింది.

*పడవ వెనక తలగడ మీద పడుకున్నోడా,*
*లేవయ్యా, మా కేసి చూడవయ్యా.*
*ఒక్క మాటనవయ్యా గాలితో,*
*తెల్లారేసరికి సంద్రం పళ్లెంలో నీళ్లయిపోద్ది.*

స్త్రీల సమాజం వాళ్లు ఫోన్లో రికార్డు చేసి ప్రసార కేంద్రానికి పంపారు. కేంద్రం ఒక గురువారం వేసింది. శుక్రవారం పదకొండు మంది ఫోన్ చేసి మళ్లీ వేయమన్నారు. ఆ నెలాఖరుకు ఫోన్లు నాలుగు వందలు దాటాయి. కోరినవాళ్లలో హిందువులున్నారు, ముస్లిములున్నారు. ఐస్ ఫ్యాక్టరీ యూనియన్ లెటర్‌హెడ్ మీద రాసింది. పాట రోజూ రావడం మొదలైంది. టీ కొట్ల వాళ్లు ఆ పాటకు పాలు పొయ్యి మీద పెట్టి, అది అయ్యేసరికి దించేవారు.

పాటకు ఇంత పేరు వచ్చాక కేంద్ర సంచాలకుడు మాధవయ్య శ్రోతల సర్వే చేయించాడు. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక కార్యక్రమం జనాదరణ పొందడం ఇదే మొదలు. ఆ సంగతి కాగితం మీద ఉండాలని ఆయన కోరిక.

సర్వేలో తేలింది ఇది. వేటలో ఉండే రెండు వందల పన్నెండు పడవల్లో రెండు వందల తొమ్మిది ఐదూ యాభైకి రేడియో పెడుతున్నాయి. ఆ రెండు వందల తొమ్మిదీ ఐదూ యాభై ఐదుకి కట్టేస్తున్నాయి.

అంటే వాతావరణ సూచనను మూడు పడవలు వింటున్నాయి. ఆరా తీస్తే ఆ మూడింటి రేడియోలకూ మీట పాడైంది.

సూచనను ఎందుకు వినరన్నది రేవులో అందరికీ తెలుసు. మూడేళ్ల కిందట ఒక రోజు హెచ్చరిక లేదు, గాలి వచ్చింది. వాతావరణ సమన్వయ అధికారి త్రివిక్రమరావుకు మెమో వచ్చింది. మర్నాటి నుంచి ఆయన రోజూ హెచ్చరిక ఇస్తున్నాడు. హెచ్చరిక ఇచ్చిన రోజు గాలి రాకపోతే మెమో రాదు. మొదట్లో సముద్రం "ప్రమాదకరంగా" ఉండవచ్చునని చదివేవారు. ఆరు నెలలకు పై కార్యాలయం సూచన మేరకు "మిక్కిలి ప్రమాదకరంగా" అయింది. నిరుడు ఇంకో "మిక్కిలి" చేర్చారు. వేటకు వెళ్లరాదని మూడేళ్లుగా రోజూ చెబుతున్నారు. వేటకు వెళ్లకపోతే తిండి లేదు కనుక పడవలు రోజూ వెళ్తున్నాయి.

రేవు ప్రజలు నమ్మే హెచ్చరిక ఒకటి ఉంది. అది ఏ శాఖా ఇచ్చింది కాదు. పన్నెండేళ్ల కిందటి తుపానులో కేంద్రం స్తంభం కూలి, రేడియో ఒక పాట మధ్యలో ఆగిపోయింది. ఆగిందని గమనించి వెనక్కి తిరిగిన పడవలు ఒడ్డు చేరాయి. మిగతావి చేరలేదు. అప్పటి నుంచి పల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, రేడియో మూగపోతే ముక్కు ఒడ్డుకు తిప్పాలని. కేంద్రం ఆ సంఘటన నుంచి వేరే పాఠం నేర్చుకుంది. ప్రసారంలో ఇరవై సెకన్లకు మించి నిశ్శబ్దం ఉంటే సిబ్బంది సంజాయిషీ ఇవ్వాలని నియమం పెట్టింది.

సర్వే నివేదిక తీర సమాచార మండలికి వెళ్లింది. మండలి పాటను తెప్పించుకుని చదివింది. నాలుగో పాదం దగ్గర ఆగింది. తీర సమాచార నియమావళి పద్నాలుగో నిబంధన ప్రకారం సముద్ర స్థితి గురించి అధీకృత అధికారి తప్ప మరెవరూ ప్రసారంలో సూచన చేయరాదు. పాటలో కాలం ఉంది: తెల్లారేసరికి. ప్రదేశం ఉంది: సంద్రం. స్థితి ఉంది: పళ్లెంలో నీళ్లు. ఇది పూర్తి సూచన అని మండలి తేల్చింది. ఎలీసమ్మకు నోటీసు ఇచ్చింది.

విచారణకు ఆమె షెడ్డు నుంచి నేరుగా వచ్చింది. తోడుగా సమూయేలు వచ్చాడు. బల్లకు అవతల మాధవయ్య, త్రివిక్రమరావు కూర్చున్నారు.

"సదరు సూచనకు ఆధారమేమిటి?" అన్నాడు త్రివిక్రమరావు.

"మార్కు సువార్త అండీ. నాలుగో అధ్యాయం."

"అది ఏ తేదీ నాటి సమాచారం?"

ఎలీసమ్మ పాస్టరు వైపు చూసింది.

"అయ్యా, ఇది ప్రార్థనండి. సూచన కాదు" అన్నాడు సమూయేలు.

"ప్రార్థిస్తే జరుగుతుందని మీరు నమ్ముతారా?"

"నమ్ముతామండి. నమ్మకపోతే ఎందుకు చేస్తామండి?"

"జరుగుతుందని నమ్మి ముందుగా చెప్పడాన్నే సూచన అంటారు. రాసుకోండి" అన్నాడు త్రివిక్రమరావు గుమాస్తాతో.

మాధవయ్య కల్పించుకున్నాడు. పాట పోతే సర్వే పోతుంది. "ఆమె నిర్ధారణగా ఏమీ అనలేదు కదండీ. యేసు ఆ ఒక్క మాట అంటే, అప్పుడు అవుతుందంది. షరతు ఉంది."

"షరతు నెరవేర్చవలసిన వ్యక్తి మన పరిధిలో ఉన్నారా?"

"లేరు."

"అయితే షరతును లెక్కలోకి తీసుకోలేం."

"నాకు చదువు లేదండి" అంది ఎలీసమ్మ. "మా ఆయన అక్కడ నీళ్ల మీద ఉంటాడు. నా గొంతు ఇంటే ఇంటికాడ అందరం బాగున్నామని అనుకుంటాడు. అందుకు పాడానండి. తప్పయితే మాట మార్చుకుంటా. పాట మాత్రం తీసెయ్యబాకండి."

మండలి పాటను తీసేయలేదు. శాస్త్రీయంగా పరిశీలించాలని తొంభై రోజుల పోలిక సంఘాన్ని వేసింది. సంఘం రోజూ మూడు గళ్లు నింపింది: పాట ఏమంది, శాఖ ఏమంది, సముద్రం ఏం చేసింది. తొంభై రోజుల్లో ఎనభై మూడు రోజులు సముద్రం నెమ్మదిగా ఉంది. ఏడు రోజులు గాలి వీచింది. పాట ఎనభై మూడుసార్లు నిజమైంది. శాఖ ఏడుసార్లు నిజమైంది.

నివేదిక మీద "రహస్యం" అని ముద్ర వేశారు. తర్వాత ఉత్తర్వు వచ్చింది. "పాటకు గల విశ్వసనీయతను దృష్టిలో ఉంచుకుని, దానిని శాఖాపరమైన సూచనతో అనుసంధానించడమైనది." ఎలీసమ్మను గౌరవ సూచకురాలిగా నియమించారు. రోజూ ఉదయం ఐదింటికి కేంద్రానికి వచ్చి, ఆనాటి బులెటిన్‌కు అనుగుణంగా సవరించిన పాటను ప్రత్యక్షంగా పాడాలన్నారు.

మొదటి రెండు పాదాలు పడవ లోపలి పరిస్థితికి సంబంధించినవి కనుక వాటిని ముట్టుకోలేదు. మూడు, నాలుగు పాదాలు ఇలా అయ్యాయి.

*తగు ఉత్తర్వులియ్యవయ్యా గాలికి,*
*తెల్లారేసరికి సంద్రం మిక్కిలి మిక్కిలి ప్రమాదకరంగా ఉండవచ్చును.*

సమూయేలు నాలుగో పాదానికి స్వరం కట్టడానికి రెండు గంటలు కూర్చున్నాడు. రెండో "మిక్కిలి" దగ్గర ప్రతిసారీ తాళం తప్పింది.

"సార్, ఒక్క మిక్కిలి తీసేద్దామండి. పాట నిలబడుద్ది."

"తీసేసిన మిక్కిలికి బాధ్యత మీరు వహిస్తారా?" అన్నాడు త్రివిక్రమరావు.

సమూయేలు తాళం మార్చాడు.

సవరించిన పాట వచ్చిన పదో రోజున అంద్రెయ వేట నుంచి వచ్చాడు. వల ఒడ్డున పడేసి నేరుగా ఇంటికొచ్చాడు.

"ఏందే ఆ పాట? నీకేమన్నా మతి పోయిందా?"

"నేను రాశానా? ఆఫీసోళ్లు రాశారు."

"యేసయ్యని పట్టుకుని ఉత్తర్వులియ్యమంటావా? మా పడవ సరంగు పోలయ్య బాబాయి నవ్వలేక చచ్చాడు. ఆయన ఇన్నాళ్లూ నీ పాటకి దణ్ణం పెట్టేవాడు."

"మరి వింటన్నారా, మానేశారా?"

"మొదటి రెండు లైన్లు వింటాం. నీ గొంతు కదా. మూడో లైనులో 'తగు' అనంగానే మీట తిప్పేస్తాం. అన్ని పడవల్లోనూ అంతే. పక్క పడవలోది కట్టేసిన చప్పుడు కూడా ఇనబడుద్ది."

రెండో సర్వేలో కూడా అదే తేలింది. మాధవయ్య ఆ సర్వేను సొరుగులో పెట్టాడు. ఎలీసమ్మ రోజూ ఐదింటికి వెళ్లి పాడుతూనే ఉంది. రెండు లైన్లు తనవి, రెండు లైన్లు శాఖవి. మానేస్తే ఆ రెండు లైన్లు కూడా పోతాయి.

అంద్రెయ మళ్లీ వేటకు వెళ్లిన ఏడో రోజు. ఐదూ పదికి త్రివిక్రమరావు స్టూడియోలోకి వచ్చాడు. ఆయన ఆ గదికి రావడం అదే మొదటిసారి. చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో పటం ఉంది.

"మాధవయ్య గారూ, ఈరోజు నిజం."

"ఏది నిజం?"

"గాలి. సాయంత్రానికి రేవు మీదికి వస్తుంది. పడవలు ఇప్పుడు తిరిగితేనే ఒడ్డు అందుకుంటాయి."

"బులెటిన్‌లో పెట్టండి."

"ఉంది. మూడేళ్ల నుంచీ ఉంది."

మాధవయ్య బులెటిన్ చూశాడు. నిన్నటిదీ, ఈనాటిదీ ఒకటే కాగితం, తేదీ తప్ప.

"ఇంకో మిక్కిలి చేర్చండి."

"మూడో మిక్కిలికి పై కార్యాలయం అనుమతి కావాలి. పదింటికి తెరుస్తారు."

గస్తీ ఓడలు పంపి పడవలను వెనక్కి పిలిచే మరో శాఖ ఉంది. దానికి ఫ్యాక్స్ పంపారు. ఫ్యాక్స్ అందిందని అక్కడి నుంచి ఫ్యాక్స్ రావాలి. రాలేదు.

ఎలీసమ్మ మైకు ముందు కూర్చుని ఇదంతా వింది.

"మా ఆయన నీళ్ల మీదున్నాడు సార్" అంది.

మాధవయ్య కాగితం బల్ల మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఈరోజు పాత పాట పాడమ్మా" అన్నాడు మాధవయ్య. "పూర్తిగా వింటారు. దాని తర్వాత నేనే స్వయంగా..."

"పాత పాట పాడితే సంద్రం బాగుందనుకుని ఇంకా లోపలికి పోతారండి. కొత్తది పాడితే కట్టేస్తారు. మీరు మాట్లాడితే ఎప్పుడూ చెప్పేదేగా అనుకుంటారు."

ఐదూ యాభై అయింది. ఎర్రదీపం వెలిగింది. సమూయేలు కీబోర్డు మీద చేతులు పెట్టాడు. ఎలీసమ్మ పాడింది.

*పడవ వెనక తలగడ మీద పడుకున్నోడా,*
*లేవయ్యా, మా కేసి చూడవయ్యా.*

ఆపేసింది. పాస్టరు చేతిని కీబోర్డు మీద నుంచి పక్కకు తీసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మాధవయ్య గడియారం చూశాడు. పది సెకన్లు. పదిహేను. ఇలాంటి సమయాల్లో వేయడానికి వీణ సంగీతం సిద్ధంగా ఉంటుంది. ఆయన ఆ బొత్తాం మీదికి చెయ్యి చాచాడు. త్రివిక్రమరావు ఆ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో మైకు మీట కిందికి దించాడు, ఫ్యాను చప్పుడు కూడా వెళ్లకుండా.

"ఇరవై దాటింది" అన్నాడు మాధవయ్య గొంతు తగ్గించి.

"దాటనివ్వండి."

"సంజాయిషీ అడుగుతారు."

"ఇద్దరం రాద్దాం." ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

ఐదూ యాభై ఐదు అయింది. స్తంభం నిలబడి ఉండగా బులెటిన్ చదవకపోవడం కేంద్రం చరిత్రలో అదే మొదటిసారి. ఎలీసమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. మూడో పాదం దగ్గర ఉన్నట్టుంది. ఆరున్నర దాకా, అంటే ముప్పై తొమ్మిది నిమిషాలు, కొత్తరేవు నుంచి ఏమీ రాలేదు.

మధ్యాహ్నం రెండు నుంచి పడవలు రావడం మొదలైంది. నాలుగున్నరకు గాలి వచ్చింది. ఐదింటికి అంద్రెయ పడవ రేవులోకి వచ్చింది. అది రెండు వందల ఏడోది. మిగతా ఐదూ దాని వెనకే వచ్చాయి. అంద్రెయ ఒడ్డు మీదికి దిగి ముందు కేంద్రం స్తంభం వైపు చూశాడు. అది నిలబడే ఉంది. తర్వాత ఎలీసమ్మ వైపు చూశాడు.

"స్తంభం పడలేదేందే?"

"నేనే ఆపా."

"అమ్మ నీ..." అని అతను ఇసకలో కూలబడ్డాడు.

ఎలీసమ్మకు, త్రివిక్రమరావుకు, మాధవయ్యకు మెమోలు వారం తర్వాత వచ్చాయి. మెమోల మీద వేసిన విచారణ సంఘం, పోలిక సంఘం నింపిన పాత నమూనాలనే వాడింది. శాఖ సూచన తొంభైకి ఏడు. పాట తొంభైకి ఎనభై మూడు. నిశ్శబ్దం ఒకటికి ఒకటి, నూటికి నూరు శాతం. "ప్రస్తుతం లభ్యమవుతున్న సూచన పద్ధతులన్నింటిలోనూ నిశ్శబ్దమే అత్యంత ఖచ్చితమైనదని నిర్ధారించడమైనది" అని సంఘం రాసింది. మెమోలు ఉపసంహరించారు. నిశ్శబ్దాన్ని శాఖలో విలీనం చేశారు. ముందుజాగ్రత్త చర్యగా ఇకపై రోజూ ఉదయం ఐదూ యాభై ఒకటి నుంచి ఆరున్నర దాకా నిశ్శబ్దాన్ని ప్రసారం చేయాలని ఆదేశించారు. నియమావళి ప్రకారం ప్రతి కార్యక్రమానికి పరిచయం ఉండాలి కనుక, ఐదూ యాభైకి అనౌన్సరు ఇలా చదివేది: "ఇప్పుడు, తీర సమాచార మండలి ధ్రువీకరించిన నిశ్శబ్దం."

పాటకు సమయం లేకపోయింది. ఆపేశారు.

మొదటి రోజు అరవై పడవలు వెనక్కి వచ్చాయి. నాలుగో రోజు పది. పదో రోజు ఒక్కటీ రాలేదు. పదకొండో రోజు అంద్రెయ రేడియోను మేకు మీద నుంచి తీసి ఇంటికి తెచ్చి, బియ్యం డబ్బా మీద పెట్టాడు.

"ఇంకెందుకిది? నీ గొంతూ లేదు, ఆగే పాటా లేదు."

ఆ సాయంత్రం త్రివిక్రమరావు రొయ్యల షెడ్డుకు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. తడి నేల మీద చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎలీసమ్మ చేతులు కడుక్కుని బయటికి వచ్చింది.

"అమ్మా, నిశ్శబ్దం అయిపోయింది" అన్నాడు.

"అవునండి."

"మళ్లీ నిజంగా గాలి వస్తే ఏం చెయ్యాలి?"

ఎలీసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆలోచించినట్టు కనబడింది. ఆలోచన అంతకుముందే అయిపోయిందని తర్వాత అందరికీ అర్థమైంది.

"రోజూ ఏమీ రావట్లేదు గదండీ. ఆ రోజు పాట వెయ్యండి. ఇదేంది పాటొచ్చిందని ఉలిక్కిపడి తిరుగుతారు."

"ఏ పాట?"

"నా పాటేనండి. పాత మాటలతోనే. మాటలు మార్చినది ఇంటే మీట తిప్పేస్తారు, మీకు తెలుసుగా. ఇంకోటండి, టేపు వెయ్యకూడదు. అంత పెద్ద ప్రమాద సూచన కదా, బాధ్యత గల మనిషి అక్కడుండి పాడాల."

త్రివిక్రమరావు జేబులో కలం వెతికాడు. తన శాఖ ఏం చేస్తుందో ఆయనకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు.

"బాధ్యత గల మనిషి. మంచి పాయింటు" అని జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

ఫైలు పైకి వెళ్లింది. ఎలీసమ్మ పాట మూల పాఠాన్ని అత్యున్నత ప్రమాద సూచికగా ప్రకటించారు. ఒక్క అక్షరం మార్చినా శిక్షార్హం అన్నారు. అధీకృత వ్యక్తి ప్రత్యక్షంగా పాడాలన్నారు. ఇంత ముఖ్యమైన సూచికను గాలి వచ్చిన రోజే వాడితే, వాడని రోజు గాలి వచ్చినప్పుడు బాధ్యత ఎవరిదని మండలిలో ఒక సభ్యుడు అడిగాడు. జవాబు చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందువల్ల ముందుజాగ్రత్త చర్యగా పాటను రోజూ ఉదయం ఐదూ యాభైకి ప్రసారం చేయాలని తీర్మానించారు. నిశ్శబ్దాన్ని రద్దు చేశారు. ఐదూ యాభై ఐదుకి బులెటిన్ తిరిగి వచ్చింది. మూడో మిక్కిలికి అనుమతి కూడా ఆ రోజే వచ్చింది.

అంద్రెయ రేడియోకు కొత్త ప్లాస్టిక్ సంచి కట్టాడు.

"ఈసారి నిజంగా గాలొస్తే ఎట్టాగే?"

"రెండు లైన్ల కాడ ఆపుతా. త్రివిక్రమరావు గారు పొద్దున్నే పటం చూసి నాకు చెబుతానన్నాడు. నువ్వు మాత్రం ఆఖరు దాకా విను. మధ్యలో మీట తిప్పబాక."

"ఆఫీసులో తెలుసా?"

"ఆయనకి తెలుసు. ఆఫీసుకి తెలీదు."

ఈ సంగతి రేవులో రెండు వందల పన్నెండు పడవలకూ ఒక్క పూటలో చేరింది. ఫ్యాక్స్ అవసరం రాలేదు.

అంద్రెయ పడవ సోమవారం బయల్దేరింది. మంగళవారం ఐదూ యాభైకి చుక్కాని గదిలో ఆరుగురూ మేకు చుట్టూ నిలబడ్డారు. పాట మొదలైంది. రెండో పాదం అయింది. సరంగు పడవ తిప్పడానికి చుక్కాని పట్టుకున్నాడు. ఎలీసమ్మ మూడో పాదం అందుకుంది.

సరంగు పోలయ్య దణ్ణం పెట్టి వల వదలమన్నాడు.